కోర్టు కేసు ఎక్కడిదాకా వచ్చింది? ఈ-కోర్ట్స్‌లో వెతకడం, సరిచూసుకోవడం ఎలా

ఇంట్లో ఒక కేసు నడుస్తుంటే అందరి ప్రశ్నా ఒక్కటే: తర్వాతి వాయిదా ఎప్పుడు? ఒకప్పుడు వకీలు గారో, ఆయన గుమస్తానో ఫోన్ ఎత్తితేనే ఆ సంగతి తెలిసేది. ఇప్పుడు జిల్లా కోర్టులు, వాటి కింది కోర్టుల కేసుల వివరాలు ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లోనూ, మొబైల్ యాప్‌లోనూ ఉచితంగా చూసుకోవచ్చు. దుబాయ్‌లోనో, జెడ్డాలోనో పని చేసుకుంటున్న కొడుకు కూడా గుంటూరు కోర్టులో ఉన్న కేసు తారీఖు అక్కడి నుంచే తెలుసుకోవచ్చు.

చిక్కల్లా వెతకడంలోనే ఉంది. కింది కోర్టుల్లో పెండింగ్‌లో ఉన్న కేసులే 4 కోట్లకు పైగా ఉన్నాయి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా మన కేసు మనకే కనిపించదు. కనిపించలేదు కాబట్టి కేసు లేదనుకుని ఊరుకుంటే నష్టపోయేది మనమే. క్రిమినల్ కేసులో ముద్దాయి వాయిదాకు రాకపోతే కోర్టు నాన్ బెయిలబుల్ వారెంట్ ఇవ్వొచ్చు. సివిల్ కేసులో ప్రతివాది రాకపోతే ఎక్స్‌పార్టీ తీర్పు రావొచ్చు. కేసు వేసినవాళ్లే రాకపోతే కేసు కొట్టేయొచ్చు.

వివరాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ప్రతి కోర్టులో కేసుల నమోదుకు ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. కేసు దాఖలైన రోజు నుంచి తీర్పు దాకా ప్రతి వాయిదానూ కోర్టు సిబ్బందే అందులో ఎక్కిస్తారు. వెబ్‌సైట్‌లో కనిపించేది ఆ సమాచారమే. దేశం మొత్తం లెక్కలను ఒకచోట చూపే నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ 2015 సెప్టెంబరులో మొదలైంది. ఎక్కించేది మనుషులే కాబట్టి ఆలస్యాలు, అక్షర దోషాలు ఉండొచ్చు. పైగా తెర మీద కనిపించేది సమాచారం కోసమే. ఎక్కడైనా రుజువుగా చూపాలంటే కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం సీఎన్‌ఆర్ నంబరు

ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రాన్ని, తర్వాతి రెండు జిల్లాను, ఆ తర్వాతి రెండు అంకెలు కోర్టును సూచిస్తాయి. తర్వాత ఆరు అంకెల వరుస సంఖ్య, చివరి నాలుగు అంకెలు సంవత్సరం. ఈ నంబరు ఉంటే పేరు, జిల్లా ఏదీ అడగకుండానే కేసు తెరుచుకుంటుంది. కేసు వేసిన రోజే వకీలు దగ్గర దీన్ని అడిగి రాసి పెట్టుకోవాలి. యాప్‌లో ఒకసారి దాచిపెట్టుకుంటే మళ్లీ మళ్లీ వెతకనక్కర్లేదు.

ఒకే ఘటన, రెండు మూడు నంబర్లు

చాలామంది తికమక పడేది ఇక్కడే. రోడ్డు ప్రమాదాన్నే తీసుకుంటే, పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్‌కు ఒక నంబరు. చార్జిషీటు వేశాక మేజిస్ట్రేట్ కోర్టులో సీసీ నంబరు ఇంకొకటి. పరిహారం కోసం కుటుంబం వేసే పిటిషన్‌కు ఎంవీఓపీ నంబరు వేరే. అలాగే ఒకే కుటుంబ తగాదాలో గృహహింస కేసుకు డీవీసీ, మనోవర్తికి ఎంసీ నంబర్లు విడివిడిగా ఉంటాయి. ఒక కేసు వాయిదా తెలిసినంత మాత్రాన మిగతావి తెలిసినట్టు కాదు. ఒక్కో దానికీ సీఎన్‌ఆర్ వేరు.

కోర్టు నంబరు తెలియనప్పుడు ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, సంవత్సరం ఇచ్చి కూడా వెతకొచ్చు. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 173వ సెక్షన్. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు గానీ, బాధితులకు గానీ పోలీసులు తెలియజేయాలని అదే చట్టంలోని 193వ సెక్షన్ చెబుతోంది. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఆదేశించింది. ఇంటర్నెట్ సరిగా లేని మారుమూల చోట్ల 72 గంటల దాకా గడువు ఇచ్చింది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు ఈ ఆదేశం నుంచి మినహాయింపు ఉంది. అవి వెబ్‌సైట్‌లో లేకపోతే కేసు కట్టలేదని అర్థం కాదు.

పేరుతో వెతికేటప్పుడు

ఏ నంబరూ లేకపోతే మిగిలింది పేరు. ముస్లిం కుటుంబాలకు కష్టం ఎక్కువగా ఇక్కడే వస్తుంది. ఆధార్‌లో మహమ్మద్ అని పూర్తిగా ఉంటుంది, కోర్టు కాగితంలో ‘ఎండీ’ అని రెండక్షరాలే ఉంటాయి. షేక్ అన్న ఇంటిపేరును ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు, కొందరు ‘ఎస్‌కే’ అని కుదిస్తారు. వలీ పేరు ఒకచోట ‘వి’తో, ఇంకోచోట ‘డబ్ల్యూ’తో మొదలవుతుంది. ఖాజా, సయ్యద్, రహమాన్... అన్నిటిదీ ఇదే కథ.

అందుకే మొత్తం పేరు కొట్టొద్దు. వెతకడానికి కనీసం మూడు అక్షరాలు చాలు. షేక్, మహమ్మద్, బేగం లాంటివి వదిలేసి, స్పెల్లింగ్ మారే అవకాశం తక్కువున్న ముక్క ఇవ్వాలి. మస్తాన్ వలీ అయితే మస్తాన్ ఒక్కటే ఇస్తే మేలు. అయినా దొరక్కపోతే ఎదుటి పక్షం పేరుతో చూడండి. సంవత్సరం దగ్గర ఘటన జరిగిన ఏడాదే కాకుండా తర్వాతి రెండేళ్లూ చూడాలి. చార్జిషీటు ఆలస్యమైతే కేసు నంబరు ఆ తర్వాతి ఏడాదిలో పడుతుంది. పెండింగ్, ముగిసినవి రెండూ ఎంచుకోవాలి.

జిల్లా విషయంలోనూ జాగ్రత్త అవసరం. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లాలు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కోర్టు ఏ జిల్లా కింద ఉందో, ఇంటి అడ్రసులోని జిల్లా అదే కానవసరం లేదు. కొత్త జిల్లాలో దొరక్కపోతే పాత ఉమ్మడి జిల్లా పేరుతో చూడాలి. హైకోర్టు కేసులకు వెతికే చోటు వేరు. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాల హైకోర్టులు విడిపోయాయి కాబట్టి రాష్ట్రం సరిగా ఎంచుకోవాలి.

తప్పు కనిపిస్తే

పేరు తప్పుగా ఉన్నా, వకీలు పేరు మారకపోయినా, వాయిదా తారీఖు పాతదే కనిపిస్తున్నా ‘తర్వాత చూద్దాంలే’ అనుకోవద్దు. వెబ్‌సైట్‌లో మనం మార్చలేం. స్క్రీన్‌షాట్ తీసి వకీలుకు చూపించి, ఆయన ద్వారా కోర్టు ఆఫీసు దృష్టికి తేవాలి. పిటిషన్‌లోనే పేరు తప్పు పడి ఉంటే సవరణ కోరుతూ కోర్టులో అర్జీ వేయాల్సి రావొచ్చు. వాయిదా ముందు రోజు వెబ్‌సైట్‌లోని తారీఖును వకీలుతో కూడా ఒకసారి సరిచూసుకోవాలి.

ఒకే పేరు, వేర్వేరు మనుషులు

సంబంధాలు చూసేటప్పుడు, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు కొందరు పేరు కొట్టి చూస్తున్నారు. మన పేర్లలో ఒకే పేరున్నవాళ్లు ఒక్క ఊళ్లోనే పదిమంది ఉంటారు. తండ్రి పేరు, అడ్రసు తేలకుండా ఒక నిర్ణయానికి రావడం అన్యాయం. కేసు ఉండటం వేరు, నేరం రుజువు కావడం వేరు. ముగిసిన కేసుల్లో కొట్టేసినవీ, రాజీ అయినవీ ఉంటాయి.

ఇంట్లో ఉంచుకోవాల్సిన పుస్తకం

ఒక నోటుపుస్తకంలో కేసుకో పేజీ కేటాయించి ఇవి రాసుకోవాలి: ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్, సంవత్సరం. కోర్టు పేరు, కేసు నంబరు, సీఎన్‌ఆర్. కోర్టు కాగితాల్లో ఇంగ్లీషులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా. వకీలు ఫోను నంబరు. జరిగిన ప్రతి వాయిదా, ఆ రోజు ఏమైందీ. ఈ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

ఫోను వాడటం రానివాళ్లు కోర్టు ప్రాంగణాల్లోని ఈ-సేవా కేంద్రాల్లో అడిగి తెలుసుకోవచ్చు. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయొచ్చు. మహిళలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండానే ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.