అఫ్జల్‌గంజ్ కుతుబ్‌ఖానా: ఆసఫియా నుంచి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ దాకా

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆస్పత్రికి దగ్గరలో, మూసీ ఒడ్డున ఉన్న పాతకాలపు పెద్ద భవనం స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. బోర్డు మీద పేరు ఇదే అయినా పాతబస్తీ పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘ఆసఫియా’ అనో, ఉత్తినే ‘కుతుబ్‌ఖానా’ అనో అంటారు. చిక్కడపల్లిలో ఉన్న సిటీ సెంట్రల్ లైబ్రరీ వేరు. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల వల్ల దాని పేరే ఎక్కువగా వినబడుతుంది కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. చిక్కడపల్లిది నగర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్‌ది రాష్ట్ర గ్రంథాలయం. వయసులో కూడా అఫ్జల్‌గంజ్‌దే పెద్దరికం.

దీని పుట్టుక 1891. అప్పటికి హైదరాబాద్‌లో పుస్తకాలకు కరువేమీ లేదు. దేవిడీల్లో, దర్గాల్లో, మదర్సాల్లో, ఆలిముల ఇళ్ళల్లో తరతరాలుగా పేర్చుకున్న కితాబులు ఉండేవి. అయితే అవి ఆ ఇంటివాళ్ళకు, వాళ్ళకు తెలిసినవాళ్ళకే దక్కేవి. పరిచయం లేని విద్యార్థి లోపలికి వెళ్ళి ఫలానా పుస్తకం ఇవ్వండని అడిగే చోటు దాదాపు లేదు. ఆ లోటు పూడ్చాలన్న ఆలోచన వెనుక ఇద్దరి పేర్లు చెబుతారు. ఒకరు సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ఇంకొకరు ముల్లా అబ్దుల్ ఖయ్యూం.

బిల్‌గ్రామీ సాహెబ్ 1842లో గయలో పుట్టారు. లక్నోలో కానింగ్ కాలేజీలో అరబీ పాఠాలు చెబుతుంటే మొదటి సాలార్‌జంగ్ చూసి హైదరాబాద్‌కు పిలిపించుకున్నారు. తర్వాత ఇక్కడే విద్యాశాఖ డైరెక్టర్ అయ్యారు, ఇమాదుల్ ముల్క్ అనే బిరుదు వచ్చింది. 1907లో లండన్‌లోని భారత మంత్రి కౌన్సిల్‌లోకి మొదటిసారి ఇద్దరు భారతీయులను తీసుకున్నప్పుడు అందులో ఒకరు ఈయనే. ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తర్జుమా చేయడం మొదలుపెట్టారు గానీ పూర్తి కాలేదు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం నిజాం కొలువులో ఉద్యోగి. అలా ఉంటూనే కాంగ్రెస్‌ను బాహాటంగా సమర్థించిన మనిషి. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో, అందులోనూ సర్కారు నౌకరీలో ఉంటూ, అది మామూలు ధైర్యం కాదు. అందరికీ చదువు అందాలన్నది ఆయన పట్టుదల. వీళ్ళిద్దరి చొరవతోనే 1888లో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ కూడా ఏర్పడింది. అరుదైన అరబీ గ్రంథాలను రాతప్రతుల నుంచి సరిచూసి అచ్చువేయడం దాని పని. అచ్చు వేయాలంటే ముందు రాతప్రతులు చేతిలో ఉండాలి కదా. కాబట్టి దాయిరా, కుతుబ్‌ఖానా జోడుగా నడిచాయి.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, ఆబిడ్స్ ప్రాంతంలో గ్రంథాలయం తెరుచుకుంది. ఆసఫ్ జాహీ వంశం పేరు మీద ఆసఫియా అన్నారు. బిల్‌గ్రామీ తన సొంత పుస్తకాలు కూడా అందులో కలిపారు. తర్వాత కొనుగోళ్ళతో, దానాలతో పెరిగింది. తఫ్సీర్, హదీసు, ఫిఖ్, యునానీ వైద్యం, జ్యోతిశ్శాస్త్రం, తారీఖు, దివాన్లు, అన్నీ వచ్చి చేరాయి. వాటి జాబితాలను, అంటే ఫెహ్రిస్తులను, సంపుటాలుగా అచ్చువేశారు. కుతుబ్‌ఖానా పేరు దేశాలు దాటడానికి ఈ ఫెహ్రిస్తులే కారణం. అరబీ సాహిత్య చరిత్ర రాసిన జర్మన్ పండితుడు బ్రోకెల్‌మన్, ఫారసీ గ్రంథాల సర్వే చేసిన ఇంగ్లీషు పండితుడు స్టోరీ, ఏ పుస్తకం రాతప్రతి ప్రపంచంలో ఎక్కడ దొరుకుతుందో చెప్పేటప్పుడు పదేపదే ఆసఫియా పేరు రాశారు. ఈ రోజుకీ కైరోలోనో బెర్లిన్‌లోనో ఒక పరిశోధక విద్యార్థి ఆ సంపుటాలు తిరగేస్తే అఫ్జల్‌గంజ్ భవనం ఆనవాలు అందులో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఆ వీధిలో రోజూ బస్సు ఎక్కేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడున్న స్థలానికి కూడా ఒక కథ ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. అఫ్జల్‌గంజ్ బాగా దెబ్బతింది, అక్కడున్న పాత ఆస్పత్రి కొట్టుకుపోయింది. ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళ కథ హైదరాబాదీలందరూ చెప్పుకునేదే. ఆ విపత్తు తర్వాతే నగరాన్ని కొత్తగా తీర్చే పని మొదలైంది. పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నది ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి లేచాయి. ఆ వరసలోకి చివరగా వచ్చింది కుతుబ్‌ఖానా. 1932 జనవరిలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ శంకుస్థాపన చేశారు. నక్షా అజీజ్ అలీ అనే ఇంజనీరుది. ఖర్చు సుమారు 5 లక్షల రూపాయలని చెబుతారు. 1936లో, నిజాం గద్దెనెక్కి పాతికేళ్ళయిన సందర్భంగా, పుస్తకాలు ఆబిడ్స్ నుంచి ఇక్కడికి చేరాయి. కోర్టు, ఆస్పత్రి, కాలేజీ, గ్రంథాలయం ఒకదానికొకటి నడక దూరంలో ఉండడం యాదృచ్ఛికం కాదు. జనానికి కావలసినవి ఒకచోట ఉండాలన్న ఆలోచన అందులో కనిపిస్తుంది.

అదే కాలంలో ఉర్దూలోనే పై చదువులు చెప్పే ఉస్మానియా యూనివర్సిటీ కూడా వచ్చింది. వైద్యం, ఇంజనీరింగు, చట్టం లాంటి సబ్జెక్టుల పుస్తకాలను ఉర్దూలోకి మార్చడానికి 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. ఆ తరం అచ్చువేసిన ఉర్దూ పాఠ్యపుస్తకాలు ఈ రోజు అరుదైన సరుకు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆసఫియా పేరు మోసింది అరబీ, ఫారసీ, ఉర్దూ, ఇంగ్లీషు పుస్తకాలతో. హైదరాబాద్ సంస్థానంలో 16 జిల్లాలుంటే అందులో 8 తెలుగు జిల్లాలు. అయినా రాజధానిలో తెలుగు పుస్తకానికి చోటు కావాలంటే జనమే పూనుకోవాల్సి వచ్చింది. 1901 సెప్టెంబర్ 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు కలిసి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ప్రారంభించారు. మొదట రావిచెట్టు వారింట్లోనే నడిచింది. ఇప్పుడు సుల్తాన్‌బజార్‌లో ఉంది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. అంటే సర్కారు ఖజానాతో ఒక కుతుబ్‌ఖానా, చందాలతో ఒక భాషా నిలయం, రెండూ ఒకే ఊళ్ళో, మైలు దూరంలో. ఇంట్లో తెలుగు, మదర్సాలో ఉర్దూ నడిచే కుటుంబాలకు ఈ రెండూ తమవే. ఒకదాని చరిత్ర చెప్పేటప్పుడు రెండోది వదిలేయడం మాత్రం రెండు వైపులా అలవాటైపోయింది.

1948 తర్వాత సంస్థానం పోయింది, పేరు కూడా మారింది. 1955 హైదరాబాద్ పబ్లిక్ లైబ్రరీల చట్టంతో ఆసఫియా కాస్తా స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మొత్తం రాష్ట్రానికి అదే పెద్ద గ్రంథాలయం. కోస్తా, రాయలసీమల్లో మద్రాసు కాలపు 1948 చట్టం, తెలంగాణలో 1955 చట్టం వేర్వేరుగా నడుస్తుంటే రెండింటినీ కలిపి 1960లో ఒకే చట్టం తెచ్చారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఆ చట్టం కిందివే. ఇంటి పన్ను రసీదు జాగ్రత్తగా చూస్తే ‘లైబ్రరీ సెస్’ అని ఒక లైను ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. ఊళ్ళో లైబ్రరీ గడప తొక్కనివాళ్ళు కూడా దాని ఖర్చు భరిస్తున్నారన్నమాట. వసూలైన ఆ సొమ్ము స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు మాత్రం ఏళ్ళ తరబడి ఉంది.

తర్వాత జరిగిన పెద్ద మార్పు రాతప్రతులు భవనం విడిచి వెళ్ళడం. నసీరుద్దీన్ హాష్మీ ఆసఫియాలోని ఉర్దూ రాతప్రతులను ఒక్కొక్కటిగా చూసి, వివరాలతో జాబితా తయారుచేశారు. అది 1961లో వెలువడింది. ‘దకన్ మే ఉర్దూ’ రాసిన హాష్మీ ఈయనే. దక్కనీ ఉర్దూ మీద పనిచేసేవాళ్ళు ఈ జాబితా చూడకుండా ముందుకు పోలేరు. ఆ తర్వాత కొన్నేళ్ళకు రాతప్రతులను వేరుచేసి, 1975లో ఓరియంటల్ మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ అనే ప్రత్యేక సర్కారీ సంస్థ ఏర్పాటు చేశారు. ఇప్పుడు అది ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ఉంది. అరబీ, ఫారసీ, ఉర్దూ ప్రతులతో పాటు సంస్కృతం, తెలుగు తాళపత్రాలు కూడా అక్కడే. భద్రత దృష్ట్యా అది మంచి నిర్ణయమే. చేతిరాత కాగితానికి చెమ్మ, పురుగు రెండూ శత్రువులే, దానికి వేరే సంరక్షణ కావాలి. నష్టం ఇంకోచోట జరిగింది. పండితుల పుస్తకాల్లో ‘ఆసఫియా’ అని చదివి అఫ్జల్‌గంజ్ వచ్చినవాళ్ళకు అక్కడ ఆ ప్రతి దొరకదు. ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్ళుంటే సరే, లేకుంటే వెనుదిరగడమే.

అఫ్జల్‌గంజ్‌లో అచ్చు పుస్తకాలు మిగిలాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ, పాత సంస్థానం గుర్తుగా మరాఠీ, కన్నడ కూడా, మొత్తం సుమారు 5 లక్షలని అంచనా. పాత ఉర్దూ పత్రికలు, దారుల్ తర్జుమా పుస్తకాలు, దక్కన్ చరిత్ర మీద గడిచిన శతాబ్దంలో వచ్చిన కితాబులు వెతికేవాళ్ళకు ఇంకా ఇదే పెద్ద దిక్కు. చదివేవాళ్ళు మాత్రం మారిపోయారు. ఈ రోజు కుర్చీల్లో ఎక్కువగా కూర్చునేది గ్రూప్స్‌కీ కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే యువకులు. పుస్తకం వాళ్ళే తెచ్చుకుంటారు, లైబ్రరీ నుంచి వాళ్ళకు కావలసింది ఫ్యాను, లైటు, నిశ్శబ్దం. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. ఇద్దరు ముగ్గురు ఒకే గదిలో సర్దుకునే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు ఆ కుర్చీ ఎంత విలువైందో వాళ్ళకే తెలుసు. మొదటి రోజుల్లో బిల్‌గ్రామీ అనుకున్న ‘ఆమ్ జనం’ కూడా వీళ్ళే.

ఉర్దూ అల్మారాల సంగతి వేరు. ఆ పుస్తకాలు ఉన్నాయి, లిపి చదవగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు. తెలుగు మీడియంలో, ఇంగ్లీషు మీడియంలో చదివిన తరం ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది గానీ నస్తాలీఖ్ అక్షరాలు కూడబలుక్కుంటుంది. ఇక తెలుగే మాట్లాడే జిల్లాల్లో తాత పేరు మీద ఉన్న పాత కాగితం ఖరీదు చీటీయో, వక్ఫ్ దస్తావేజో కూడా తేల్చుకోలేని పరిస్థితి. పుస్తకం అడిగేవాళ్ళు లేకపోతే దాన్ని దులిపేవాళ్ళూ ఉండరు. భవనానికి కూడా ఎనభై ఏళ్ళు దాటాయి, మరమ్మతుల కోసం వారసత్వ కట్టడాల ప్రేమికులు అడుగుతూనే ఉన్నారు. పక్కనే ఉన్న ఉస్మానియా ఆస్పత్రి పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీళ్ళు చేరితే రోగులను ఖాళీ చేయించి తాళం వేయాల్సి వచ్చింది. ఆ కాలపు కట్టడాలను పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు.

కొంత పని కంప్యూటర్లు చేశాయి. 2000ల్లో నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ పుస్తకాలు కూడా స్కాన్ అయ్యాయి. వాటిలో చాలా ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. తొలి పేజీల్లో కుతుబ్‌ఖానా పాత ముద్ర కనబడితే అది ఇక్కడి నుంచి వెళ్ళిందే.

ఏదైనా వెతకాలనుకునే కుటుంబాలు ముందు తమకు కావలసింది ఏ రకమో తేల్చుకుంటే తిరుగుడు తప్పుతుంది. అచ్చు పుస్తకమో, పాత పత్రికో అయితే అఫ్జల్‌గంజ్. చేతిరాత కితాబు అయితే యూనివర్సిటీ ఆవరణలోని మాన్యుస్క్రిప్ట్స్ లైబ్రరీ, లేదా నదికి అవతల ఒడ్డునున్న సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయం. ఆసఫ్ జాహీ సర్కారు దఫ్తర్లు, ఫర్మానాలు, జాగీరు కాగితాలు అయితే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. పుస్తకం పేరు, రాసినవారి పేరు ఉర్దూ లిపిలో ఎవరిచేతనైనా కాగితం మీద రాయించుకుని వెళ్ళడం మంచిది. ఆర్కైవ్‌లో వెతికేటప్పుడు మాత్రం ఒకే పేరును నాలుగైదు రకాల స్పెల్లింగులతో ప్రయత్నించాలి, ఎందుకంటే స్కాన్ చేసినప్పుడు ఉర్దూ పేర్లను ఎవరికి తోచినట్టు వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో రాసేశారు.