తిరగలి: విసిరినవాళ్లు, విసిరించుకున్నవాళ్లు

పాత తిరగళ్లకు ఇయ్యాల మళ్లీ గిరాకీ వచ్చింది. హైవే పక్క హోటళ్ల గుమ్మాల్లో, ఫంక్షన్ హాళ్ల ముందు, పెద్ద ఇళ్ల వరండాల్లో వాటిని కడిగి, పసుపు పూసి, పక్కన ఒక చాట ఆనించి పెడుతున్నారు. కొందరు నిజంగానే బాగు చేయించుకుని రాగులు, జొన్నలు విసురుకుంటున్నారు. విసురుకోవడాన్ని మేం తప్పు పట్టడం లేదు. మా పేచీ దాని చుట్టూ చెప్పే కథతోటి. 'మన అమ్మమ్మల కాలం నాటి వంటిల్లు' అంటారు. ఎవరి అమ్మమ్మ? ఆమె విసిరిందా, విసిరించుకుందా? ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాలోనే కులం మొత్తం ఉంది. మన సాంఘిక చరిత్ర పుస్తకాలు ఆ తేడాను పట్టించుకున్నది తక్కువ.

ముందు వస్తువు సంగతి చూద్దాం. కోస్తాలో తిరగలి, తెలంగాణలో ఇసుర్రాయి. రెండు గుండ్రటి రాళ్లు. కింది రాయి కదలదు, దాని నడుమ మేకు ఉంటుంది. పై రాయి ఆ మేకు మీద తిరుగుతుంది. పై రాయి నడుమ ఉన్న కంతలో పిడికెడు పిడికెడుగా గింజలు పోస్తూ, అంచున దిగ్గొట్టిన కట్టె పిడి పట్టుకుని తిప్పాలి. పిండి చుట్టూ అంచుల నుంచి రాలుతుంది. పప్పు వేయాలంటే మేకుకు గుడ్డ పేలిక చుట్టి పై రాయిని కాస్త ఎత్తుతారు. అప్పుడు కందిగింజ పిండి కాకుండా రెండు బద్దలవుతుంది. పెద్ద రాయైతే ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుంటారు.

వాడగా వాడగా రాళ్ల ముఖాలు నున్నబడతాయి. నున్నబడిన రాయి గింజను కొరకదు, జారుస్తుంది. తిప్పేవాళ్ల రెక్కలు పోతాయి, పిండి మాత్రం బరకగానే దిగుతుంది. అప్పుడు కక్కు కొట్టించాలి. అంటే ఉలితో, సుత్తెతో రాతి ముఖమంతా సన్నటి గంట్లు పెట్టించాలి. గంటు మరీ లోతైతే గింజ అందులో ఇరుక్కుంటుంది, మరీ పైపైన పడితే నెల తిరక్కుండా అరిగిపోతుంది. కక్కు కొట్టిన వెంటనే మంచి గింజ వేయకూడదు. తవుడో నూకలో వేసి రెండు మూడు సార్లు విసిరి పారబోయాలి, లేకపోతే రాతి రజను తిండిలోకి వస్తుంది. ఇప్పుడు పాత తిరగలి కొని తెచ్చుకునేవాళ్లు మొదట తప్పేది ఇక్కడే.

ఈ విద్య వడ్డెరలది. రాయిని చూసి, తట్టి, ఆ మోత విని, ఏ రాయి తిరగలికి పనికొస్తుందో చెప్పగలిగిన జ్ఞానం వాళ్లది. ఊరూరూ తిరిగి, వీధిలో కేకేసి, గడపల బయట కూర్చుని కక్కు కొట్టారు. అట్లా తిరగడమే వాళ్లకు నేరమైంది. సంచార కులాలను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన నేరస్థ జాతుల చట్టం 1871 నాటిది. వడ్డెరల్లో కొన్ని తెగలు కూడా దాని కిందికి వచ్చాయి. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. ఇయ్యాల అదే కులం తెలుగు రాష్ట్రాల్లో బీసీ 'ఎ' గ్రూపులో, కర్ణాటకలో భోవి పేరుతో షెడ్యూల్డు కులాల్లో ఉంది. రాష్ట్రం సరిహద్దు దాటితే రాయి కొట్టేవాడి వర్గీకరణ మారిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయే రాతి దుమ్ము మాత్రం మారదు.

ఇక తిప్పిన చేతుల సంగతి. నిజాం రాజ్యంలో వెట్టి గురించి పుచ్చలపల్లి సుందరయ్య 1972లో అచ్చయిన తన పుస్తకంలో కులాలవారీగా రాశాడు. ఒక్కో దళిత కుటుంబం నుంచి ఒక మనిషి, చాకలి, మంగలి, కుమ్మరి, గౌడ, సాలె, ఎవరి వెట్టి వాళ్లకు. ఆ లెక్కలో మగమనిషి స్పష్టంగా కనపడతాడు. ఇల్లూ వాకిలీ ఊడ్చి, వడ్లు దంచి, మిరపకాయలు కొట్టి, పిండి విసిరిన ఆడమనిషి అంత స్పష్టంగా కనపడదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు గాని, పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాట వాళ్ల నోటితోనే అచ్చులోకి రాలేదు.

ఇక్కడ అంటరానితనం పనిచేసిన తీరు చూడండి. దంచిన బియ్యానికి, విసిరిన పిండికి సాధారణంగా మైల లేదు. అదే పిండి నీళ్లు తగిలి పొయ్యి మీదికి ఎక్కితే మాత్రం మాల మాదిగల చెయ్యి పనికిరాదు. అంటే శ్రమ ఎక్కువ పడే దగ్గర అంటు లేదు. తినే దగ్గరికి వచ్చేసరికి అంటు పుట్టుకొస్తుంది. శాస్త్రం ఎంత సౌకర్యంగా తయారైందో! గొడ్లపాకలోనో పెరట్లోనో కూర్చుని విసిరిన మనిషి ఆ వంటింటి గడప తొక్కలేదు. అట్లాంటప్పుడు ఆ రాయిని 'వంటింటి వారసత్వం' అంటే మేమెట్లా ఒప్పుకుంటాం?

మరి మరలు వచ్చినప్పుడు ఏమైంది? బియ్యం మిల్లులు పెరిగిన కాలంలో గాంధీ వాటిని వ్యతిరేకించాడు. 1934లో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టాడు, జె.సి. కుమారప్ప దాన్ని నడిపించాడు. దంపుడు బియ్యం, చేతితో విసిరిన పిండి వాళ్ల కార్యక్రమంలో ముఖ్యమైనవి. ఆ ప్రచారం జరిగిన గాంధీ పత్రిక పేరు 'హరిజన్'! వాళ్లు చెప్పిన ఆరోగ్యం మాట అబద్ధం కాదు. తవుడు మొత్తం పోయేదాకా పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తిన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు పీడించింది. కూనూరు పరిశోధనశాల డాక్టర్లు దాని మీద పనిచేశారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు వచ్చి, తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది. తవుడులో బలం ఉందన్నది నిజం. అయితే ఆ బలం కోసం రోకలి ఎవరు ఎత్తాలన్నది వార్ధా అడగని ప్రశ్న.

అడిగింది అంబేడ్కర్. కాంగ్రెసు, గాంధీ అస్పృశ్యులకు ఏం చేశారో తేలుస్తూ 1945లో తెచ్చిన పుస్తకంలో ఆయన యంత్రం గురించి తేల్చి చెప్పాడు. మనిషి పశువులాగా బతకకుండా ఉండాలంటే తీరిక కావాలి. తీరిక లేకుండా సంస్కృతి లేదు. ఆ తీరికనిచ్చేది యంత్రమే. యంత్రం వల్ల చెడు జరిగిందంటే అది యంత్రం తప్పు కాదు, లాభమంతా కొద్దిమంది చేతుల్లో పెట్టిన సమాజం తప్పు. ఈ వాదాన్ని ఫ్యాక్టరీల గురించి అన్నట్టుగానే చదువుతాం. తిరగలి ముందు కూర్చోబెట్టి చదివితే దాని బరువు తెలుస్తుంది. పొద్దున్నే దొర ఇంట్లో విసిరి, పగలంతా కూలి చేసి, రాత్రి తన ఇంటి గింజలు తను విసురుకునే మనిషికి బడి ఎక్కడ, పలక ఎక్కడ? మా ఇళ్లలో మొదట యూనివర్సిటీ గడప తొక్కింది మేం. పిండిమర రాని వాడలో పుట్టి ఉంటే ఈ వ్యాసం రాసేవాళ్లమా అన్నది మాకు ఊరికే వచ్చిన అనుమానం కాదు.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. దంపుడు కొన్నిచోట్ల కూలిపని. కూలి కింద నూకలో, తవుడో, కొన్ని గింజలో దక్కేవి. మిల్లు వచ్చాక ఆ పని పోయింది. మిల్లు ఆడేది మాత్రం భూమీ పెట్టుబడీ ఉన్న కులాల చేతుల్లో. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చినంక జొన్నలు, సజ్జలు తినే వాడల్లో ఇసుర్రాళ్లకు పని తగ్గింది. ఆకలి కూడా తగ్గింది. దీన్ని 'సంప్రదాయ ఆహారం పోయింది' అని ఒక్క ముక్కలో ఏడవడం కడుపు నిండినవాళ్ల ఏడుపు.

రాయితోపాటు పోయినవాటిలో మేం నిజంగా బాధపడేది పాట గురించి. రెక్కల నొప్పి మరవడానికి, చీకట్లో నిద్ర ఆపుకోవడానికి పాడిన పాట అది. వెల్చేరు నారాయణరావు 1991లో తెలుగు ఆడవాళ్ల రామాయణ పాటల మీద రాస్తూ, బ్రాహ్మణ స్త్రీల పాటలు వేరు, మిగతా కులాల ఆడవాళ్ల పాటలు వేరని చూపించారు. కానీ మన తిరగలి పాటల సంపుటాల్లో పాట ఏ పని చేస్తూ పాడిందో ఉంటుంది గాని, ఆ గింజలు ఎవరివో చెప్పడం అరుదు. 'జానపదులు' అనే ఒక్క మాట కింద అన్ని కులాలూ కలిసిపోతాయి.

మరాఠీలో జరిగిన పని వేరు. హేమా రాయ్‌కర్, గీ ప్వాతెవాఁ 1980ల నుంచి మహారాష్ట్రలో ఊరూరూ తిరిగి లక్షకు పైగా తిరగలి పాటలు సేకరించారు. 2017 నుంచి ఆ పాటలు 'పరి' ద్వారా అందరికీ అందుతున్నాయి. పాడినావిడ పేరు, ఊరు, కులం, వృత్తి కూడా రాసి ఉంటాయి. బీడ్ జిల్లా మాజల్‌గావ్ దళిత ఆడవాళ్లు తిరగలి తిప్పుతూ పాడిన పాటల్లో అంబేడ్కర్ ఉన్నాడు, బుద్ధుడు ఉన్నాడు. బీడ్ పరాయి దేశం కాదు. పోలీసు చర్య నాటి దాకా మన తెలంగాణతోపాటు నిజాం ఏలుబడిలో ఉన్న జిల్లా. అక్కడ తీరిక లేని ఆడమనిషి, ఆ తీరిక లేని పనిలోనే, తన నాయకుడి చరిత్ర కట్టి పాడుకుంది. అంబేడ్కర్ మాటకు ఇది ఎదురు కాదు. ఆ పాటల ధైర్యాన్ని చూసి తిరగలే మంచిదనే తీర్మానానికి రావద్దు.

అందుకే ఈ పత్రిక చదివే విద్యార్థులకు, టీచర్లకు మా విన్నపం. మీ వాడలో, మీ ఊళ్లో పాత ఇసుర్రాయి కనపడితే ఫోటో తీసి ఊరుకోవద్దు. ఎవరు కొట్టారు, ఎంతకు కొన్నారు, ఎన్నిళ్లకు ఆ ఒక్క రాయి, ఆఖరుసారి కక్కు కొట్టించింది ఎప్పుడు, దొర ఇంటికి విసరడానికి పోయింది ఎవరు, పోనన్నది ఎవరు, అడిగి రాసుకోండి. ముసలమ్మలకు పాట గుర్తు రాకపోతే రాయి ముందు కూర్చోబెట్టి పిడి పట్టించండి. చెయ్యి తిరిగితే చాలాసార్లు నోరు కూడా తిరుగుతుంది. కక్కు కొట్టే వడ్డెర ఇంకా మీ వైపు వస్తుంటే, ఆయన చెప్పేది వేరే కాగితం మీద, ఆయన పేరుతోనే రాయండి.