లంకె, చీల, గొలుసు: బండ్లను కలిపిన చేతుల చరిత్ర

ఈసారి మూడు చిన్న మాటలతో మొదలుపెడతాను: లంకె, చీల, గొలుసు. లంకె అంటే రెండు వస్తువుల్ని కలిపే ఇనుప కడియం లాంటిది. చీల అంటే రంధ్రంలో దూర్చే మేకు. గొలుసు మీ అందరికీ తెలుసు. మెడలో వేసుకునేదే కాదు, బండికి కట్టేదాన్ని కూడా గొలుసే అంటారు. మా ఇంట్లో "దానికీ దీనికీ లంకె ఏంటి?" అని పెద్దవాళ్లు ఎప్పుడూ అంటూ ఉంటారు. చేత్తో పట్టుకోగలిగే లంకెలు కూడా ఉండేవని, వాటి వల్ల వేలమంది వేళ్లు పోగొట్టుకున్నారని చదివాక, ఆ మాట వింటే నాకు వేరే బొమ్మ కనిపిస్తోంది.

నేను అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉంటాను. మా బాబాయికి పచ్చిక కోసే వ్యాపారం ఉంది. శనివారాల్లో మెషీన్లు ఎక్కించిన ట్రైలర్‌ని పికప్ ట్రక్కుకి తగిలించడం నా పని. బాబాయి మొదటి రోజే ఒక నియమం చెప్పాడు: "కదిలే బండికీ ఆగిన బండికీ మధ్య నిలబడకు." ఈ నియమం వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన భాగం మా అయోవాలోనే జరిగింది.

లంకె, చీల ఉన్న రోజులు

1800ల మధ్యలో అమెరికాలో రైలు పెట్టెల్ని లంకెతో, చీలతో కలిపేవారు. ప్రతి పెట్టె చివర ఒక ఇనుప గూడు ఉండేది. కోలగా ఉన్న లంకె ఒక కొస ఈ పెట్టె గూట్లో, రెండో కొస ఆ పెట్టె గూట్లో దూరాలి. పైనుంచి చీల వేస్తే పని అయిపోయినట్టే.

కానీ లంకె తనంతట తాను గూట్లోకి వెళ్లదు. ఎవరో ఒకరు దాన్ని పట్టుకోవాలి. ఆ పని చేసే మనిషిని బ్రేక్‌మన్ అనేవారు. ఒక పెట్టె ఆగి ఉంటుంది. రెండో పెట్టెను ఇంజిన్ తోసుకుంటూ వస్తుంది. బ్రేక్‌మన్ ఆ రెండింటి మధ్య నిలబడి, లంకెను ఎత్తి, గూటికి ఎదురుగా పట్టుకుని, చివరి క్షణంలో చెయ్యి వెనక్కి లాక్కోవాలి. కొంచెం ఆలస్యమైతే వేళ్లు పోతాయి. కాలు జారితే ప్రాణమే పోతుంది. చీకట్లో, వానలో, మంచులో కూడా ఇదే పని. పైగా ఒక్కో కంపెనీ పెట్టెలకి గూడు ఒక్కో ఎత్తులో ఉండేది.

బ్రేక్‌మన్‌కి ఎంత అనుభవం ఉందో పోయిన వేళ్లని చూసి చెప్పవచ్చని అప్పట్లో అనుకునేవారట. 1889లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఈ విషయం కాంగ్రెస్ ముందు పెట్టారు. అప్పటి లెక్కల ప్రకారం ఒక్క ఏడాదిలో సుమారు 2,000 మంది రైల్వే ఉద్యోగులు చనిపోయారు, సుమారు 20,000 మంది గాయపడ్డారు. ఇవన్నీ పెట్టెలు కలపడం వల్ల జరిగినవి కావు, కానీ అందులో దాని వాటా పెద్దది. యుద్ధంలో సైనికుడికి ఎంత ప్రమాదమో వీళ్లకీ అంత ప్రమాదం ఉందని, అది మన నాగరికతకే సిగ్గుచేటని హారిసన్ అన్నారు.

మరి దెబ్బ తగిలినవాళ్లకి నష్టపరిహారం వచ్చేదా? చాలాసార్లు రాలేదు. ఈ పనిలో ప్రమాదం ఉందని తెలిసే చేరాడు కాబట్టి ఆ ప్రమాదాన్ని అతనే ఒప్పుకున్నాడని కోర్టులు అనేవి. "అతనిదే అజాగ్రత్త" అని కంపెనీలు అనేవి.

ఒక గుమస్తా, ఒక రైతు

వర్జీనియా రాష్ట్రంలో, అలెగ్జాండ్రియా ఊళ్లో, ఈలై జానీ అనే ఆయన బట్టల కొట్లో గుమస్తాగా ఉండేవారు. ఆయన ఇంజినీరు కాదు. చాకుతో చెక్కను చెక్కి నమూనాలు చేశారు. 1873లో ఆయనకి పేటెంట్ వచ్చింది. ఆయన కప్లర్ ఎలా ఉంటుందో తెలియాలంటే ఇలా చేసి చూడండి: మీ రెండు చేతుల వేళ్లనీ కొక్కెంలా వంచి, ఒకదానితో ఒకటి పట్టుకుని లాగండి. ఊడి రావు. రెండు పెట్టెలు తగలగానే ఆ ఇనుప వేళ్లు వాటంతట అవే మూసుకుంటాయి. విడదీయాలంటే పక్కన నిలబడి ఒక కడ్డీని ఎత్తితే చాలు. మధ్యలోకి ఎవరూ వెళ్లక్కర్లేదు.

పరిష్కారం దొరికింది కదా, వెంటనే అందరూ పెట్టుకున్నారా? లేదు. లక్షల పెట్టెలు మార్చాలంటే చాలా డబ్బు కావాలి. పైగా ఒక కంపెనీ మారిస్తే సరిపోదు, అందరూ ఒకే రకం పెట్టుకోవాలి.

ఇక్కడ మా అయోవా మనిషి వస్తాడు. ఫోర్ట్ డాడ్జ్ దగ్గర లొరెంజో కాఫిన్ అనే రైతు ఉండేవారు. అంతర్యుద్ధంలో సైనికులకి పాస్టర్‌గా పనిచేశారు. 1874లో ఒక రైలు ప్రయాణంలో ఆయన ఒక బ్రేక్‌మన్‌ని చూశారు. ఆ మనిషి చేతికి అప్పటికే రెండు వేళ్లే మిగిలాయి. ఆ రోజు పెట్టెలు కలుపుతుంటే అవి కూడా పోయాయి. కాఫిన్ అప్పటి నుంచి దాదాపు 20 ఏళ్లు ఇదే పని మీద తిరిగారు. సభల్లో మాట్లాడారు, ఉత్తరాలు రాశారు. 1883లో అయోవా రైల్వే కమిషనర్ అయ్యారు. 1886, 1887లో ఇదే రాష్ట్రంలో బర్లింగ్‌టన్ ఊరి దగ్గర గూడ్స్ రైళ్ల బ్రేకులకి పెద్ద పరీక్షలు జరిగాయి. పొడవాటి గూడ్స్ రైలుని కూడా గాలి బ్రేకులతో ఆపవచ్చని అక్కడ తేలింది.

చివరికి 1893 మార్చి 2న, పదవి దిగడానికి రెండు రోజుల ముందు, హారిసన్ రైల్వే భద్రతా చట్టం మీద సంతకం చేశారు. మనుషులు మధ్యలోకి వెళ్లకుండా తగులుకునే కప్లర్లు ఉండాలని, ఇంజిన్ నుంచే రైలుని ఆపగలిగే బ్రేకులు ఉండాలని ఆ చట్టం చెప్పింది. ఇంకొక ముఖ్యమైన మాట కూడా చెప్పింది. చట్టాన్ని పాటించని పెట్టె వల్ల ఉద్యోగికి దెబ్బ తగిలితే, ప్రమాదాన్ని అతనే ఒప్పుకున్నాడు అని ఇక అనకూడదు. కంపెనీలకి మొదట 1898 వరకు గడువు ఇచ్చారు, తర్వాత దాన్ని 1900 వరకు పొడిగించారు.

జాన్సన్ చెయ్యి

నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది దీని తర్వాత జరిగిన ఒక కేసు. 1900 ఆగస్టులో, యూటా రాష్ట్రంలో ప్రామొంటరీ దగ్గర, జాన్సన్ అనే బ్రేక్‌మన్ ఒక ఇంజిన్‌ని భోజనాల పెట్టెకి తగిలించాలి. ఇంజిన్‌కి జానీ కప్లర్ ఉంది. పెట్టెకి మిల్లర్ కొక్కెం ఉంది. రెండూ వాటంతట అవే తగులుకునే రకాలే. కానీ ఒకదానికొకటి జత కాదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా తగులుకోలేదు. జాన్సన్ మధ్యలోకి వెళ్లాల్సి వచ్చింది. ఆయన చెయ్యి నలిగిపోయింది. దాన్ని తీసెయ్యాల్సి వచ్చింది.

రెండింటికీ ఆటోమేటిక్ కప్లర్లు ఉన్నాయి కాబట్టి చట్టాన్ని పాటించినట్టే అని కింది కోర్టులు జాన్సన్‌ని ఓడించాయి. 1904లో సుప్రీం కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. చట్టం ఉన్నది మనిషి మధ్యలోకి వెళ్లకుండా ఉండటానికి. ఒకదానితో ఒకటి కలవని రెండు మంచి కప్లర్లు ఉంటే, ఆ మనిషికి కప్లర్ లేనట్టే.

తాతయ్య రైలు

బాబాయి నియమం నిజానికి తాతయ్యది. తాతయ్య ఇండియాలో రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేశారు. ఇండియాలో ప్యాసింజర్ పెట్టెలకి చాలాకాలం స్క్రూ కప్లింగ్ ఉండేది. ఒక పెట్టె కొక్కేనికి రెండో పెట్టె లంకె తగిలించి, మధ్యలో ఉన్న స్క్రూని తిప్పి బిగించాలి. దానికోసం మనిషి వంగి, పక్కనున్న బఫర్ల కిందుగా లోపలికి దూరాలి. "ఇంజిన్ పూర్తిగా ఆగిందని కళ్లతో చూశాకే లోపలికి దూరాలి" అని తాతయ్య పిల్లలందరికీ చెప్పేవారు. ఎల్‌హెచ్‌బీ పెట్టెలకి ఇప్పుడు మధ్యలో సెంటర్ బఫర్ కప్లర్ ఉంటుంది. అది జానీ ఆలోచన నుంచి వచ్చిన కుటుంబమే.

రోడ్డు మీదకి

ఇక ట్రైలర్ సంగతి. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దగ్గరికి ఒక కలప వ్యాపారి వచ్చాడు. తన పడవని ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక కట్టుకుని తీసుకెళ్లాలని అడిగాడు. ఫ్రూహాఫ్ చేసిన ఆ బండి నుంచే తర్వాత ఒక పెద్ద ట్రైలర్ కంపెనీ పుట్టింది.

ఈ రోజు మా ట్రక్కు వెనక ఉన్నది ఇనుప బంతి. ట్రైలర్ ముందు భాగంలో ఉన్న కప్లర్ ఆ బంతి మీద టోపీలా కూర్చుంటుంది. లోపల గడియ పడుతుంది. గడియ తెరుచుకోకుండా దానికి ఒక చీల. ఎక్కువగా కనిపించే బంతులు మూడు సైజులు: 1-7/8, 2, 2-5/16 అంగుళాలు. 2 అంగుళాల కప్లర్‌ని 1-7/8 బంతి మీద పెడితే గడియ పడుతుంది, తగులుకున్నట్టే కనిపిస్తుంది. గుంత వచ్చినప్పుడు ఎగిరి ఊడిపోవచ్చు. జాన్సన్ కేసు మళ్లీ ఇక్కడ ఉంది: రెండూ మంచివే, కానీ జత కాదు. అందుకే బంతి మీద, కప్లర్ మీద సైజు చెక్కి ఉంటుంది. రెండూ చదవండి.

గడియ వేశాక ట్రైలర్ జాక్‌తో ముందు భాగాన్ని కొంచెం పైకి లేపండి. ట్రక్కు వెనక భాగం కూడా దానితో లేస్తే నిజంగా పట్టుకున్నట్టు. ఆ తర్వాత జాక్‌ని పూర్తిగా పైకి తిప్పేయండి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బంతి మీద పడాలి. బరువంతా వెనక పెడితే వేగంలో ట్రైలర్ పాములా ఊగుతుంది.

చివరిది గొలుసు. రెండు గొలుసులు, కప్లర్ కింద గుణకారం గుర్తులా ఒకదాని మీదుగా ఒకటి వెయ్యాలి. కప్లర్ ఊడితే ట్రైలర్ ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉండాలి, నేలకి రాసుకోకూడదు. బ్రేకులున్న ట్రైలర్‌కి ఇంకో సన్నని కేబుల్ ఉంటుంది. ట్రైలర్ పూర్తిగా విడిపోతే అది లాగబడి ట్రైలర్ బ్రేకులు పడతాయి. దాన్ని గొలుసుకి కాకుండా ట్రక్కుకే తగిలించాలి.

రైళ్ల విషయంలో చట్టం వచ్చి బ్రేక్‌మన్‌ని మధ్యలోంచి బయటికి తెచ్చింది. మన ఇంటి ముందు ట్రైలర్ తగిలించేటప్పుడు బ్రేక్‌మన్, ఇన్‌స్పెక్టర్ ఇద్దరూ మనమే. ఊడితే దెబ్బ తగిలేది మాత్రం మన వెనక వచ్చే కారులో ఉన్న, మనకి తెలియని కుటుంబానికి కావచ్చు. అందుకే నేను ఇద్దరి పనీ చేస్తాను: ఒకసారి తగిలిస్తాను, ట్రక్కు చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ మొదటి నుంచి చూస్తాను. రెండోసారి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఈసారికి ఇంకొక మాట నేర్చుకుందాం: కడచీల. ఎద్దుబండి చక్రం ఇరుసు నుంచి జారిపోకుండా ఇరుసు చివర పెట్టే చీల అది. మీ ఇంట్లో బండి తోలిన పెద్దవాళ్లు ఉంటే అడగండి, మీ ఊళ్లో దాన్ని ఏమనేవారో, బయల్దేరే ముందు దాన్ని ఎవరు చూసేవారో.