కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నది?
యుద్ధమును నిరాకరించిన ఒక రైతు విశ్వాసి చరిత్ర

మన మేత్రాసనము నూరేండ్లు పూర్తి చేసుకొన్న ఈ శుభ సందర్భమున గుడులను, బడులను, ఆసుపత్రులను నిర్మించిన గురువులను, మఠకన్యలను కృతజ్ఞతతో స్మరించుకొనుట మన విధి. అయితే శ్రీసభ చరిత్ర వారితోనే పూర్తి కాదు. పొలము దున్నుకొని, బిడ్డలను పెంచుకొని, ఆదివారము గుడిలో మోకరించిన గృహస్థులు కూడ ఆ చరిత్రలో భాగమే. అట్టివారిలో ఒకరు ఆస్ట్రియా దేశపు రైతు ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్. రాజ్యము యుద్ధమునకు పిలిచినపుడు విశ్వాసి ఏమి చేయవలెనను ప్రశ్నకు ఆయన తన ప్రాణముతో జవాబు చెప్పారు. ఆ జవాబును అర్థము చేసుకొనుటకు శ్రీసభకు చాలాకాలము పట్టినది.

పాత ప్రశ్న

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. క్రీ.శ. 295 మార్చి 12న ఉత్తర ఆఫ్రికాలోని తెబెస్సాలో మాక్సిమిలియన్ అను 21 ఏండ్ల యువకుడు రోమా సైన్యములో చేరుటకు నిరాకరించి శిరచ్ఛేదము పొందారు. చక్రవర్తుల కొలువులో క్రైస్తవ సైనికులు ఉన్నారు గదా అని అధికారి ఆయనను అడిగారు. వారికి ఏది తగునో వారికి తెలియును, నేను మాత్రము చెడు చేయలేను అన్నది ఆ యువకుని సమాధాన సారాంశము. అనగా ఆనాడే విశ్వాసులలో రెండు మార్గములు ఉన్నవి.

313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవులకు మతస్వేచ్ఛ ఇచ్చిన తరువాత పరిస్థితి మారినది. రాజ్యమును కాపాడు భారము క్రమముగా క్రైస్తవుల భుజముల మీద కూడ పడినది. బలహీనులను దుర్మార్గుల నుండి రక్షించుటకు కత్తి పట్టవచ్చునా అని పునీత అగస్తీను ఆలోచించారు. 13వ శతాబ్దములో పునీత తోమాసు అక్వినాసు ఆ బోధను మూడు షరతులుగా చెప్పారు. యుద్ధము ప్రకటించువారికి తగిన అధికారము ఉండవలెను. కారణము న్యాయమైనదై ఉండవలెను. ఉద్దేశము మంచిదై ఉండవలెను.

ఇది మంచి కొలబద్దయే. కాని దానిని చేతబట్టి కొలవవలసినది ఎవరు? రాజా? పీఠాధిపతియా? లేక తుపాకి మోయవలసిన సామాన్యుడా? పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ 13వ అధ్యాయమును చూపి, అధికారులకు లోబడుడని బోధించుట చాలాకాలము పరిపాటిగా ఉండెను. కొలుచుట పాలకుల పని, లోబడుట ప్రజల పని అని అనేకులు తలంచారు. ఫ్రాంజ్ జీవితము ఈ తలంపును పరీక్షకు పెట్టినది.

సెయింట్ రాడెగుండ్ రైతు

ఫ్రాంజ్ 1907 మే 20న ఎగువ ఆస్ట్రియాలోని సెయింట్ రాడెగుండ్ అను చిన్న గ్రామములో జన్మించారు. హిట్లర్ పుట్టిన బ్రౌనౌ పట్టణము కూడ ఆ జిల్లాలోనిదే. ఊరి బడి చదువే ఆయన చదువు. యౌవనములో ఆయన అల్లరివాడే. గ్రామములో మొదటి మోటారు సైకిలు ఆయనదే. పెండ్లి కాకమునుపే ఒక ఆడబిడ్డకు తండ్రి అయ్యారు. 1936లో భక్తిపరురాలైన ఫ్రాంజిస్కాను వివాహమాడి, ఇద్దరును రోమాపురికి వెళ్లి వచ్చారు. ఆమె సాహచర్యములో బైబులు పఠనము, జపమాల, దివ్యసత్ప్రసాద స్వీకరణము ఆయన దినచర్యలో భాగమైనవి. వారికి ముగ్గురు ఆడపిల్లలు కలిగారు.

1938 మార్చిలో జర్మను సైన్యము ఆస్ట్రియాలో ప్రవేశించినది. ఆ నెల 18న ఆస్ట్రియా పీఠాధిపతులు ఈ విలీనమునకు అనుకూలముగా ఒక ప్రకటనపై సంతకము చేశారు. ఏప్రిల్ 10న ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. సెయింట్ రాడెగుండులో వ్యతిరేకముగా ఓటు వేసినది ఫ్రాంజ్ ఒక్కరే. ఆ సంవత్సరారంభములో తనకు వచ్చిన ఒక కలను ఆయన వ్రాసి ఉంచారు. అందమైన రైలుబండి ఒకటి వచ్చుచున్నది, పెద్దలు పిల్లలు దానిలో ఎక్కుటకు పరుగెత్తుచున్నారు, అది నరకమునకు పోవు బండి అని ఒక స్వరము ఆయనకు తెలిపినది. ఆ బండి నాజీ ఉద్యమమేనని ఆయన గ్రహించారు. అప్పటినుండి పార్టీ చందాలు ఇవ్వలేదు, పిల్లలకు ప్రభుత్వమిచ్చు భత్యమును సహితము పుచ్చుకొనలేదు.

1940లో సైన్యము ఆయనను పిలిచినది. వెళ్లి శిక్షణ పొందారు. రైతు అను కారణముచే 1941లో ఇంటికి పంపబడ్డారు. గుడి గంట మ్రోగించి, పీఠమును సిద్ధపరచు సేవను అప్పుడు చేపట్టారు. ఆ దినములలోనే ఆయన తీర్మానము స్థిరపడినది. ఆయన యుద్ధమన్నదానినంతటిని ఖండించలేదు. ఈ యుద్ధమును కొలిచి చూచారు. రష్యా మీద దాడి నాస్తికత్వమును అణచుటకే అని ప్రచారము జరుగుచుండగా, అక్కడి ఖనిజములు, నూనె బావులు, సారవంతమైన పొలముల కొరకు కాదా అని తన పుస్తకములో ప్రశ్నించుకొన్నారు. అక్వినాసు చెప్పిన రెండవ, మూడవ షరతులు ఇవియే గదా!

పీఠాధిపతి గారి సలహా

ఆయన తొందరపడలేదు. తనకు తెలిసిన గురువులతో మాట్లాడారు. లింజ్ పట్టణమునకు పోయి పీఠాధిపతి జోసెఫ్ ఫ్లీసర్ గారిని దర్శించారు. భార్యాబిడ్డల యెడల నీకు బాధ్యత ఉన్నది, పాలకుల పనులకు నీవు ఉత్తరవాదివి కావు అని పీఠాధిపతిగారు నచ్చజెప్పారు. వచ్చినవాడు గూఢచారియేమో అని ఆయన భయపడి ఉండవచ్చునని ఫ్రాంజ్ భావించారు. గురువులు చెరసాలల పాలగుచున్న రోజులవి. కాబట్టి పీఠాధిపతిగారిని సులువుగా నిందించలేము. కాని భార్యాబిడ్డలున్నంత మాత్రమున దేవునికి విరోధముగా నడుచుటకు అనుమతి దొరకదని ఫ్రాంజ్ తన వ్రాతలలో తేల్చి చెప్పారు.

1943 ఫిబ్రవరిలో మరల పిలుపు వచ్చినది. మార్చి మొదట ఎన్స్ పట్టణములోని శిబిరమునకు వెళ్లి, ఆయుధము పట్టనని తెలియజేశారు. గాయపడినవారికి సేవ చేయుటకు సిద్ధమే అన్నారు. అధికారులు దానికి ఒప్పుకొనలేదు. లింజ్ చెరసాల, తరువాత బెర్లిన్ చెరసాల. జూలై 6న సైనిక న్యాయస్థానము మరణశిక్ష విధించినది. అదే నెలలో ఫ్రాంజిస్కా విచారణ గురువుతో కలిసి బెర్లిన్ వెళ్లి భర్తను కడసారి చూచారు. కొద్ది నిమిషములే అనుమతి. ఫ్రాంజ్ రైనిష్ అను గురువు తనకంటె ముందుగా, 1942 ఆగస్టులో, ఇట్లే నిరాకరించి ప్రాణమర్పించిన సంగతి చెరసాలలో తెలిసి ఆయన ఎంతో ఊరట పొందారు. 1943 ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్ చెరసాలలో ఆయన తల నరికారు. అప్పటికి ఆయన వయస్సు 36 ఏండ్లు.

ఆలస్యముగా వచ్చిన గుర్తింపు

యుద్ధము ముగిసినను ఫ్రాంజిస్కా కష్టములు ముగియలేదు. భర్త మొండితనమునకు ఆమెయే కారణమని ఊరిలో పలువురు నిందించారు. సైనికుల వితంతువులకు ఇచ్చు పింఛను 1950 వరకు ఆమెకు రాలేదు. ఆమె పొలము చేసుకొని ముగ్గురు బిడ్డలను పెంచారు, భర్త చేసిన గుడి సేవను తానే కొనసాగించారు. మొదట ఆమెయు భర్తను వారింప జూచినది నిజమే. తాను కూడ ప్రక్కన నిలువకపోతే ఆయనకు ఎవరును ఉండరని గ్రహించి, తరువాత స్థిరముగా నిలిచారు. ఈ చరిత్రలో సగము ఆమెదే.

1946లో ఫ్రాంజ్‌ను గూర్చిన వ్యాసమును మేత్రాసన పత్రికలో ప్రచురించుటకు ఫ్లీసర్ గారు అంగీకరించలేదు. తమ విధి అని నమ్మి యుద్ధరంగములో మరణించిన యువ కథోలికులే గొప్ప వీరులని ఆయన అభిప్రాయము. కుమారులను కోల్పోయిన తల్లులు ప్రతి గుడిలోను ఉన్నారు. ఫ్రాంజ్ చేసినది ఒప్పయితే మా బిడ్డలు దేనికొరకు చనిపోయారని వారు అడుగుదురు. ఆ ప్రశ్న బరువును మనము తేలికగా తీసుకొనరాదు.

1964లో అమెరికా దేశపు పండితుడు గోర్డన్ జాన్ ఫ్రాంజ్ జీవితమును పుస్తకముగా ప్రచురించారు. ఇక్కడ మన దేశమునకు ఒక సంబంధమున్నది. 1937 నుండి 1950 వరకు బొంబాయి అగ్రపీఠాధిపతిగా ఉండి, ఆ పీఠమును భారతీయుడైన వలేరియన్ గ్రేషియస్ గారికి విడిచిన థామస్ రాబర్ట్స్ గారు, 1965లో రెండవ వాటికన్ మహాసభకు సమర్పించిన పాఠములో ఈ రైతు చరిత్రను పేర్కొని, మనస్సాక్షి నిమిత్తము యుద్ధము నిరాకరించువారికి శ్రీసభ అండగా నిలువవలెనని కోరారు. ఆ సంవత్సరము డిసెంబరు 7న వెలువడిన "గౌదియుం ఎత్ స్పెస్" పత్రము 79వ పేరాలో, అట్టివారి విషయమున చట్టములు మానవత్వము చూపవలెనని మహాసభ బోధించినది. దేశ రక్షణకు సైన్యములో సక్రమముగా సేవ చేయువారు శాంతికి తోడ్పడుచున్నారనియు అదే పేరాలో ఉన్నది.

1997లో బెర్లిన్ న్యాయస్థానము ఆయన మరణశిక్షను రద్దు చేసినది. 2007 అక్టోబరు 26న, ఒకనాడు లోబడుమని సలహా పొందిన ఆ లింజ్ పట్టణములోనే, ఫ్రాంజ్ ధన్యజీవిగా, వేదసాక్షిగా ప్రకటింపబడ్డారు. 94 ఏండ్ల ఫ్రాంజిస్కా ఆ పూజలో పాల్గొన్నారు. ఆమె 2013లో, నూరేండ్లు నిండిన తరువాత ప్రభువునందు నిద్రించారు.

మనకు పాఠము

ప్రియ విశ్వాసులారా, ఈ చరిత్ర సైనికులను తక్కువ చేయుటకు వ్రాసినది కాదు. మన విచారణలలోను సైన్యములో సేవ చేసినవారు ఉన్నారు, వారి కొరకు ప్రార్థించు తల్లులు, భార్యలు ఉన్నారు. ఫ్రాంజ్ కూడ యుద్ధమునకు వెళ్లిన పొరుగువారికి తీర్పు తీర్చలేదు. అయితే ఒక విషయమును ఆయన మనకు స్పష్టము చేశారు. న్యాయాన్యాయములను కొలుచు కొలబద్ద జ్ఞానస్నానము పొందిన ప్రతివారి చేతిలోను ఉన్నది. దానిని రాజుకు అప్పగించి, తరువాత నాకు తెలియదు అనుటకు వీలులేదు. పెద్దల సలహా వినవలెను, వాక్యము చదువవలెను, ప్రార్థింపవలెను. ఆయన ఇవన్నియు చేశారు. అపోస్తలుల కార్యములు 5వ అధ్యాయములో పేతురు ప్రధానార్చకుని ఎదుట చెప్పిన జవాబే చివరకు ఆయన జవాబు.

యుద్ధము వచ్చిన రోజున మనస్సాక్షి ఒక్కసారిగా మేల్కొనదు. పిల్లల భత్యము వద్దన్ననాడు, చందా ఇవ్వనన్ననాడు, ఒంటరిగా ఓటు వేసిననాడు ఫ్రాంజ్ మనస్సాక్షి బలపడుచు వచ్చినది. రెండవ నూరేండ్లలో అడుగిడుచున్న మన మేత్రాసనములో ప్రతి కుటుంబమును అట్టి చిన్న నమ్మకత్వములలో పెరుగునట్లు, ఒంటరిగా నిలిచినవారి ప్రక్కన నిలువగల ప్రేమను పొందునట్లు శాంతిరాజైన క్రీస్తు ప్రభువు మనకందరకు కృప అనుగ్రహించునుగాక!