టెక్స్ట్ ఎడిటర్లు మరియు ఐడీఈలు

కంప్యూటరు ప్రోగ్రాములు రాయడానికి ప్రధానంగా రెండు రకాల సాధనాలు వాడుకలో ఉన్నాయి. టెక్స్ట్ ఎడిటర్ పాఠ్యాన్ని రాయడానికి, దిద్దడానికి, భద్రపరచడానికి ఉపయోగపడుతుంది. ఐడీఈ, అనగా ఇంటిగ్రేటెడ్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లో, ఎడిటర్, కంపైలర్, డీబగ్గర్ మొదలైనవన్నీ ఒకే చోట ఉంటాయి. వీటిలో ఏది మేలు అన్నది ప్రోగ్రామర్ల మధ్య చిరకాలంగా నలుగుతున్న వాదం. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ఇంజనీరింగు చదివే విద్యార్థులకు ఈ ప్రశ్న మొదటి సంవత్సరపు ప్రయోగశాలలోనే ఎదురవుతుంది.

చరిత్ర

వీఐ మరియు ఈమ్యాక్స్ ఎడిటర్లు రెండూ 1976లో మొదలయ్యాయి. వీఐని బిల్ జాయ్ రూపొందించాడు. దానిని అనుసరించి బ్రామ్ మూలెనార్ 1991లో విమ్‌ను విడుదల చేశాడు. బోర్లాండ్ సంస్థ 1983లో విడుదల చేసిన టర్బో పాస్కల్ ఎడిటరును, కంపైలరును ఒకే ప్రోగ్రాములో కలిపి చవకగా అందించింది. అదే సంస్థ నుండి 1987లో టర్బో సి, 1990లో టర్బో సి ప్లస్ ప్లస్ వచ్చాయి. తరువాత విజువల్ స్టూడియో (1997), ఎక్లిప్స్ (2001) ప్రసిద్ధి చెందాయి.

స్థానిక బోధన

2008లో ఏర్పడిన అనంతపురం జె.ఎన్.టి. విశ్వవిద్యాలయం పరిధిలోకి కర్నూలు జిల్లా వస్తుంది. ఎమ్మిగనూరు సమీపాన యర్రకోటలోని సెయింట్ జాన్స్ ఇంజనీరింగు కళాశాల దీనికి అనుబంధమైనది. 2023-24 విద్యాసంవత్సరం నుండి అమలైన ఆర్23 పాఠ్యప్రణాళిక, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ప్రయోగశాల మొదటి వారంలోనే లినక్స్ ఎడిటర్లైన వీఐ, విమ్, ఈమ్యాక్స్‌లను, వాటితో పాటు టర్బో సి, జీసీసీలను పరిచయం చేయాలని సూచించింది. అంటే విద్యార్థి రెండు పద్ధతులనూ ఆరంభంలోనే చూస్తాడు.

టర్బో సి ఉదాహరణ

భారతదేశపు కళాశాలలలో టర్బో సి దీర్ఘకాలం నిలిచింది. ఇది చిన్నది, పాత కంప్యూటర్లలోనూ నడిచేది, ఇంటర్నెట్ అవసరం లేనిది. కంట్రోల్, ఎఫ్9 మీటలు కలిపి నొక్కితే ప్రోగ్రాము కంపైలై నడుస్తుంది. అయితే ఇది 16 బిట్ల సాఫ్ట్‌వేర్. ఇందులో పూర్ణాంకానికి సాధారణంగా వాడే ఇంట్ రకం 2 బైట్లు మాత్రమే కనుక, గరిష్ఠ విలువ 32,767. ఆ రకంతో ఫ్యాక్టోరియల్ లెక్కించే ప్రోగ్రాము 7కు సరిగా 5,040 ఇస్తుంది. 8కి మాత్రం 40,320కి బదులు -25,216 చూపుతుంది. అదే ప్రోగ్రాము నేటి కంప్యూటర్లలో జీసీసీతో 12 వరకు సరైన విలువలనే ఇస్తుంది.

తెరను తుడిచే క్లియర్‌స్క్రీన్ ఫంక్షను సి ప్రమాణంలో లేదు. అందువలన దానిని వాడిన ప్రోగ్రాము లినక్స్‌లో యథాతథంగా కంపైల్ కాదు. 64 బిట్ల విండోస్‌లో టర్బో సి నేరుగా నడవదు. డాస్‌బాక్స్ వంటిది కావాలి. ఈ లోపాలు ఐడీఈ పద్ధతివి కావు, ఆ పాత కంపైలరువి. కానీ అన్నీ ఒకే తెరలో ఉండుట వలన భాష నియమమేదో, సాధనపు అలవాటేదో విద్యార్థికి వేరుగా తెలియదు. ఎడిటరులో రాసి, కంపైలరును విడిగా పిలిచినపుడు ఈ తేడా స్పష్టమవుతుంది.

గుణదోషాలు

ఎడిటర్లు తక్కువ మెమొరీతో నడుస్తాయి. దూరాన ఉన్న సర్వరులోని ఫైళ్ళను దిద్దడానికి అనువైనవి. అయితే వీఐ వంటివాటి ఆదేశాలు అలవడడానికి సమయం పడుతుంది. వందలాది ఫైళ్ళున్న జావా ప్రాజెక్టులో ఒక పేరును అన్నిచోట్లా మార్చడానికి, ప్రోగ్రామును వరుస వరుసగా ఆపి పరిశీలించడానికి ఐడీఈ సౌకర్యంగా ఉంటుంది. ఇందుకు శక్తిమంతమైన కంప్యూటరు కావాలి. ఉదాహరణకు ఆండ్రాయిడ్ స్టూడియోకు కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి.

తెలుగు పాఠ్యం విషయంలోనూ తేడా కలదు. టర్బో సి యూనికోడ్‌ను గుర్తించదు. టెర్మినల్‌లో నడిచే ఎడిటర్లలో అక్షరాలకు సమాన వెడల్పు గల గడులు కేటాయించబడుట వలన తెలుగు ఒత్తులు, గుణింతాలు తరచుగా చెదురుతాయి.

ప్రస్తుత స్థితి

2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ ఎడిటరైనా, పొడిగింపుల ద్వారా ఐడీఈ పనులు చేయగలదు. 2016లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ వలన ఇతర ఎడిటర్లకు కూడా పద సూచనలు, దోష గుర్తింపు వంటి సౌకర్యాలు అందాయి. దీనితో రెండింటి మధ్య హద్దు చాలావరకు చెరిగిపోయింది. ఎంపిక ప్రధానంగా భాష, ప్రాజెక్టు పరిమాణం, అందుబాటులోని కంప్యూటరు మీద ఆధారపడి ఉంటుంది. ఏ సాధనం వాడినా, కంపైలింగ్ మరియు లింకింగ్ దశలు తెలిసినవారు దోషం ఎక్కడ పుట్టినదో సులభంగా గుర్తించగలరు.