తాటాకు మొదలు తెర దాకా: విరామచిహ్నముల నడక

మేడ్చల్, శామీర్‌పేటలకు దాపుననే కీసరగుట్ట యున్నది. ఆ గుట్టమీది రాతిపై చెక్కిన చిన్న తెలుగు శాసనమొకటి విష్ణుకుండినుల కాలమునాటిదని చరిత్రకారులు చెప్పుదురు. రాయి తొలుచువారు అని యర్థమిచ్చు మాట యది. ఒక్కటే మాట గనుక అందు చుక్కకు గాని గీతకు గాని పని లేదు. మన వ్రాతకు విరామచిహ్నములు పుట్టుకతో వచ్చినవి కావని చెప్పుటకే దీనిని ముందుగా తలచితిని.

తాటాకులపై గంటముతో వ్రాసిన మన పెద్దలు మాటకును మాటకును నడుమ ఎడము విడిచెడివారు కారు. పద్యము ముగిసిన చోట ఒక నిలువు గీతయో, రెండు గీతలో గీసిన చాలును. తెలుగు వాక్యమున క్రియాపదము సాధారణముగా చివరనే వచ్చును. వాక్యము ముగిసినదని చెవియే తెలిసికొనును. ఇప్పుడు నేను చదువుచున్న ఈ ప్రసంగములోని కామాలు మీలో ఎవ్వరికిని వినబడుట లేదు గదా!

కామా, ఫుల్‌స్టాపు, ప్రశ్నార్థకము మనకు అచ్చుతో వచ్చినవి. 1740ల దశకమున జర్మనీలోని హాలె నగరమున షుల్జ్ అను మత బోధకుడు తెలుగు పుస్తకములు ముద్రింపించెను. 1816లో చెన్నపట్టణమున కాంబెల్ వ్యాకరణమును, 1852లో బ్రౌను నిఘంటువును వెలువడినవి. చుక్కలు ఐరోపా లిపికై పుట్టినవి. ఆ లిపిలో అక్షరముల క్రింద వత్తులు లేవు. మనకో, "వాక్య" అనిన యవత్తు క్రిందికిని కుడికిని సాగును. దాని ప్రక్కన కామా పెట్టిన, కామా తోక పోయి వత్తునకు తగులును. సీసపు అచ్చుల నాటి కంపోజిటరు దానిని కంటితో చూచి, నడుమ పలుచని సీసపు ముక్క చొప్పించి సవరింపగలిగెడివాడు. అతని చేతి పనికి రావలసినంత పేరు రాలేదని నా యభిప్రాయము.

కంప్యూటరు తెరమీద ఆ కంపోజిటరు లేడు. యంత్రము అక్షరముల రూపమును గాక, వాని అంకెలను దాచుకొనును. 1991లో వెలువడిన యూనికోడు పద్ధతిలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు గల స్థానము లిచ్చిరి. ఫుల్‌స్టాపు అంకె 46, కామా అంకె 44; ఇవి ఇంగ్లీషునకును మనకును ఒక్కటే. మన పూర్వుల నిలువు గీతలు మాత్రము 2404, 2405 అను అంకెలతో దేవనాగరి వరుసలో నున్నవి. ఆ గీత లేని తెలుగు ఫాంటుతో పద్యము కూర్చిన, యంత్రము మరియొక ఫాంటు నుండి గీతను అరువు తెచ్చును. అందుచేతనే గీత ఒకచోట అక్షరముకంటె పొడవై, వేరొకచోట క్రిందికి దిగి కనబడును.

ఫాంటనగా అక్షరముల మూస. ప్రతి చిహ్నమునకు కంటికి కనబడని పెట్టె యొకటి యుండును. దాని వెడల్పెంత, అందు చుక్క ఎచట నిలువవలెను అనునది మూస గీసినవాడే నిర్ణయించును. ఒకే వాక్యమును పోతన, గౌతమి, మండలి అను ఫాంటులలో నేను చూచితిని. అంకెలు మారకున్నను చుక్కకును అక్షరమునకును నడుమ ఎడము మారినది. "దుఃఖము"లోని విసర్గకు బదులు ఇంగ్లీషు రెండు చుక్కలు కొట్టువారు పలువురు. కొన్ని మూసలలో భేదము తెలియదు గాని యంత్రమునకు అవి వేరు వేరు అంకెలు; ఆ మాటను వెదకిన దొరకదు.

ఇదంతయు అచ్చువారి గొడవ యనుకొనకుడు. శామీర్‌పేటకు సమీపమున మూడుచింతలపల్లిలో 2020 అక్టోబరు 29న ధరణి అను భూమి లెక్కల వ్యవస్థ ప్రారంభమైనది. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చినది. మన పహాణీలు తెర కెక్కినవి. విస్తీర్ణము 2.15 అని యున్నచో రెండెకరముల పదునైదు గుంటలని మీకు తెలియును. ఎకరమునకు నలుబది గుంటలు గనుక ఆ చుక్క ఎకరమును గుంటను వేరుచేయునదే గాని దశాంశము కాదు. లెక్క యెరిగిన పట్టణపు కుఱ్ఱవాడు దానిని దశాంశముగా చదివిన, పదునైదు గుంటలు ఆరు గుంటలగును. తొమ్మిది గుంటలు, అనగా 1089 చదరపు గజములు, చదువుటలోనే పోయినవి! 2.5 అని వ్రాసిన మరియు చిక్కు: రెండెకరముల ఐదు గుంటలా, రెండున్నర ఎకరములా? ఈ రెంటికి నడుమ పదునైదు గుంటల భేదము. దీనికి తోడు చుక్క సన్నమై అంకెల నంటియుండు మూస యైనచో, వయసు మీరిన కంటికి 2.15 కాస్తా 215గా తోచును. సర్వే నంబరులోని వాలుగీతయు ఇట్టిదే. ఇరుకైన మూసలో 12/1 అనునది 121 వలె కనబడవచ్చును.

మన పాత దస్తావేజు లేఖరులు అంకె ప్రక్కనే "రెండు ఎకరముల అయిదు గుంటలు" అని అక్షరములలో వ్రాసెడివారు. తెరనుండి తీసిన నకలు చేతికి వచ్చినపుడు, గుంటలు పదికి లోపుగా నున్నచో చుక్క తరువాత సున్న యున్నదా అని చూడుడు, 2.05 అని యుండవలెను. సంతకము చేయు కాగితములో అక్షరములలోని విస్తీర్ణమును ఎవరిచేతనైనను బిగ్గరగా చదివించుకొనుడు.