పాస్‌వర్డ్ నడిచిన దారి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉన్న రోజుల్లోనే ఇక్కడి కార్యాలయాలకు కంప్యూటర్ పరిచయమైంది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్‌కెక్కించే ‘కార్డ్’ పథకానికి శ్రీకారం చుట్టాక, అంతవరకు బీరువా తాళంచెవిని నమ్ముకున్న దస్తావేజుల లోకం పాస్‌వర్డ్‌ను నమ్మడం మొదలుపెట్టింది. పాస్‌వర్డ్‌కు అప్పటికే మూడున్నర దశాబ్దాల వయసు. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునే సీటీఎస్ఎస్‌ను నిర్మించినప్పుడు, ఎవరి ఫైళ్లు వారికే దక్కాలని పాస్‌వర్డ్ పెట్టింది. 1962లోనే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకిచ్చిన యంత్ర సమయం చాలక, అందరి పాస్‌వర్డ్‌లున్న ఫైలునే అచ్చు వేయించుకున్నాడు! అసలు పాస్‌వర్డ్‌ను కాక, వెనక్కి తిప్పలేని దాని రూపాన్ని మాత్రమే దాచే యూనిక్స్ పద్ధతిని వివరిస్తూ రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో రాసిన వ్యాసం ఈ చరిత్రలో పెద్ద మలుపు.

ఆ తెలివి మన బల్లల మీది విండోస్‌కు వెంటనే అబ్బలేదు. విండోస్ 95, 98లలో పాస్‌వర్డ్ అడిగే పెట్టె కనిపించేది. ఎస్కేప్ మీట నొక్కితే చాలు, లోపలికి దారి. అది నెట్‌వర్క్ కోసం అడిగేదే తప్ప యంత్రానికి కాపలా కాదు. విండోస్ ఎన్‌టీ నిజమైన కాపలా తెచ్చింది గానీ, పాస్‌వర్డ్‌ను దాచే పాత ఎల్ఎం పద్ధతినీ వెంటబెట్టుకొచ్చింది. పద్నాలుగు అక్షరాలను పెద్దక్షరాలుగా మార్చి ఏడేసి చొప్పున విడగొట్టడంతో, ఛేదించేవాడికి రెండు చిన్న పనులే మిగిలేవి. పాస్‌వర్డ్ అడగకుండానే యంత్రం తెరుచుకునే ఆటో లాగాన్ కూడా ఎన్‌టీలోనే ఉంది. రిజిస్ట్రీలో ‘ఆటోఅడ్మిన్‌లాగాన్’ విలువను 1 చేసి, ‘డిఫాల్ట్‌పాస్‌వర్డ్’ దగ్గర పాస్‌వర్డ్ రాస్తే సరి. అది అక్కడ ఎవరైనా చదవగలిగేలా పడి ఉండేది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ, ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాలోకి నెట్‌వర్క్ గుండా ఎవరినీ రానివ్వదు. గదికి తాళం ఉన్న చోట, ఊహకందే పాస్‌వర్డ్ కన్నా ఖాళీయే మేలన్న వింత వాదన అలా పుట్టింది.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా యంత్రం తనంతట తాను తెరుచుకోవాలనుకున్న డీటీపీ సెంటర్లవాళ్లను సోమరులనలేను. ప్రజల పత్రాలు ముట్టే చోట ఆ వెసులుబాటు చెల్లదు. 2011లో మొదలైన మీ సేవ డిజిటల్ సంతకాలు తెచ్చింది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌ను తహసీల్దార్లకు అప్పగించినప్పుడు, పాస్‌వర్డ్ పక్కన వేలిముద్ర వచ్చి చేరింది. విండోస్ మాత్రం ఆటో లాగాన్‌ను వదల్లేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ‘ఆటోలాగాన్’ పనిముట్టు ఇప్పుడు పాస్‌వర్డ్‌ను గుప్తీకరించి దాస్తుంది. అడ్మినిస్ట్రేటర్ హక్కులున్నవారు దాన్నీ బయటికి తీయగలరు. ఎన్‌టీ నాటి ఆ రిజిస్ట్రీ పేరు విండోస్ 11లోనూ మారలేదు.